మోకాళ్ళ క్లినిక్‌కి మెట్లెక్కి వెళ్ళాలి, అయినా నాలుగు స్టార్లు

ముందు మెట్ల గురించి చెప్పేస్తాను, పొగడ్తలు తర్వాత. మోకాళ్ళు, నడుములు, పక్షవాతం కేసులు చూసే ఫిజియోథెరపీ క్లినిక్‌ని మేడ మీద పెట్టడమేటండి బాబూ. లిఫ్ట్ లేదు. పాతకాలం మేడ, ఒక్కో మెట్టు ఒక్కో ఎత్తు, మలుపు దగ్గర ట్యూబ్‌లైటు నేను వెళ్ళినన్నాళ్ళూ మినుకు మినుకుమంటానే ఉంది. కింద ఫ్యాన్సీ షాపు అబ్బాయి పుణ్యాత్ముడు, ప్లాస్టిక్ కుర్చీ ఒకటి బయట వేసి ఉంచుతాడు, అందులో కూర్చుని పైకి ఫోన్ చేస్తే హెల్పర్ దిగొచ్చి చెయ్యి పట్టుకుని ఎక్కిస్తాది. గంటస్తంభం చుట్టుపక్కల కింద షాపుల అద్దెలు ఎలా మండిపోతున్నాయో విజయనగరం వాళ్ళకి చెప్పక్కర్లేదు కాబట్టి అర్థం చేసుకోగలను, కానీ ఒక స్టారు మాత్రం ఇక్కడే కోసేసేను. ఇంకో మాట కూడా చెప్పాలి, మొదటి రోజు ఫిజియోథెరపిస్ట్ మేడమే కిందకి దిగొచ్చి ఆ మెట్ల మీదే మొదటి పాఠం చెప్పేరు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రలూ ఆపరేషన్ కాలూ ముందు. ఆపరేషన్ చేసిన హాస్పిటల్లో ఇంత చిన్న విషయం ఎవరూ చెప్పలేదు, నేను అప్పటిదాకా మా ఇంటి అరుగు ఉల్టాగా ఎక్కి దిగుతున్నాను.

నా కేసు ఏటంటే, నేను కానిస్టేబుల్ పరీక్షకి ప్రిపేర్ అయినదాన్ని. మాది చీపురుపల్లి వైపు. 2022 నవంబర్లో 6100 పోస్టులకి నోటిఫికేషన్ వచ్చింది, 2023 జనవరి 22న ప్రిలిమ్స్ రాసేను, క్వాలిఫై అయ్యేను, మార్చిలో ఈవెంట్లు, అంటే పరుగు, జంప్ టెస్టులు అన్నారు. ఎమ్మెల్సీ ఎలక్షన్లు వచ్చేయని వాయిదా వేసేరు. ఆ వాయిదా ఎంత పొడుగు సాగిందో ఆ బ్యాచ్ వాళ్ళెవరినైనా అడగండి, గవర్నమెంటు మారింది, మా బ్యాచ్‌లో ఇద్దరికి పెళ్ళిళ్ళయి పిల్లలు పుట్టేరు, చివరికి 2024 డిసెంబర్ 30 నుంచి ఈవెంట్లు అని డేట్ ఇచ్చేరు. ఆడవాళ్ళకి 1600 మీటర్లు పది నిమిషాల ముప్పై సెకన్లలో తప్పనిసరి, దాంతో పాటు వంద మీటర్లు 18 సెకన్లు గానీ లాంగ్‌జంప్ 2.75 మీటర్లు గానీ ఏదో ఒకటి కొట్టాలి. పదహారు వందలు నాకు భయం లేదు. వంద మీటర్లే ఎప్పుడూ అటూ ఇటూ ఊగేది, అందుకే జంప్ మీద ఆధారపడ్డాను. నవంబర్లో ఒక పొద్దున్న గ్రౌండ్‌లో జంప్ చేసి ఇసకలో దిగినప్పుడు కాలు నిలబడిపోయింది, ఒళ్ళు తిరిగిపోయింది, లోపల టప్పుమని చప్పుడు వినపడింది. మధ్యాహ్నానికి మోకాలు కొబ్బరికాయంత అయ్యింది. ఎమ్మారైలో ఏసీఎల్, అంటే మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంటు, పూర్తిగా తెగిపోయిందని వచ్చింది. విశాఖలో ఆపరేషన్ చేసేరు, అక్కడ నుంచి వచ్చేక ఎవరో చెబితే ఈ క్లినిక్‌కి వచ్చేను.

ఆ టైములో ఇంటికొచ్చిన వాళ్ళ మాటలు వేరే కథ. అంతా మన మంచికే అన్నారు కొందరు, ఏ రకంగా మంచో చెప్పమంటే చెప్పరు. దిష్టి కొట్టేసిందన్నారు. మా అమ్మ పైడితల్లమ్మకి మొక్కుకుంది, అది ఆవిడ ఇష్టం, నాకు అభ్యంతరం లేదు. మా చినమావయ్య అయితే, ఇంక పరుగులెందుకమ్మా సంబంధం చూసెయ్యమంటావా అని హాస్పిటల్ బెడ్డు పక్కనే నిలబడి అడిగేడు. వీళ్ళు ఒక రకం. ఫోన్ చేసి నువ్వు సాధిస్తావే, నీ విల్‌పవర్ నాకు తెలుసు, డిసెంబర్ 30కి రెడీ అయిపోతావు అనే ఫ్రెండ్స్ ఇంకో రకం. వాళ్ళ మాటలు విన్నాకే ఎక్కువ ఏడుపొచ్చేది. తెగిన లిగమెంటు విల్‌పవర్‌తో అతుక్కోదు కదా.

ఈ క్లినిక్‌లో మొదటి రోజు ఫైల్ రాసేటప్పుడు ఏం కావాలనుకుంటున్నావు అని ఒక గడి ఉంటాది. నాన్న పక్కనుండగానే డిసెంబర్ 30, 1600 మీటర్లు అని చెప్పేను, ఏం చెప్పాలో తెలీక కాదు, ఇంకేం కావాలని అడిగితే ఏం చెబుతాను. మేడమ్ నవ్వలేదు, సముదాయించలేదు, అసాధ్యం అని మొహం మీద కొట్టినట్టు అనలేదు కూడా. ఫైల్ అంతా పెన్నుతో రాసి ఆ గడి మాత్రం పెన్సిల్‌తో రాసేరు, నేను చెప్పింది చెప్పినట్టే. దాని కింద ఇంకో గడి ఉంది, ఈ వారం అని. అందులో మోకాలు పూర్తిగా చాపడం అని రాసేరు. "పైదాని సంగతి పై వారం చూద్దాం, కిందది ఇవాళ మొదలుపెడదాం," అన్నారు. ప్రతీ వారం ఆ రెండు గడులూ మన ముందే చదువుతారు, చెరిపి మళ్ళీ రాయాలా అని మననే అడుగుతారు. మూడో వారమో నాలుగో వారమో నా పై గడిలో డేట్ నేనే చెరిపేసేను. ఆవిడ చెరపలేదు, చెరపమనీ అనలేదు. అక్కడ ఏం రాయను మేడమ్ అంటే, ఖాళీగా ఉంచు తల్లీ, ఖాళీగా ఉంటే ఎవరూ ఫైన్ వెయ్యరు అన్నారు. చాలా నెలలు నా ఫైల్లో ఆ గడి ఖాళీయే.

ఇక ట్రీట్‌మెంట్. ఇక్కడికి వచ్చే పెద్దవాళ్ళందరికీ కరెంటు కావాలి. కరెంటు పెట్టమ్మా, నిన్న కరెంటు తక్కువ పెట్టేవు, పక్కావిడకి ఎక్కువసేపు పెట్టేవు అని గొడవ. ఆ కరెంటు పెట్టే ఐఎఫ్‌టీ మెషీన్ ఉంది, అల్ట్రాసౌండ్ ఉంది, వేడి ప్యాక్‌లు ఉన్నాయి, అన్నీ పని చేస్తాయి. కానీ మేడమ్ మొహమాటం లేకుండా చెప్పేస్తారు, కరెంటు నొప్పి తగ్గడానికే, కాల్లో బలం ఎక్సర్‌సైజుతోనే వస్తాదని. ఈ ఒక్క కారణానికి కొందరు పేషెంట్లు మానేసి వేరే చోటికి పోయేరట, అక్కడ అరగంట కరెంటు పెట్టి పంపించేస్తారు, హాయిగా ఉంటాది. నా పక్క బెడ్డు మామ్మ గారు నెల్లిమర్ల నుంచి వచ్చేవారు, మోకాళ్ళ అరుగుదల. ఆవిడ గడిలో ఏం రాసుందో తెలుసా, పీట మీద కూర్చుని వంట చెయ్యడం. "నాను కూకోలేకపోతన్నాను పాపా, గేస్ పొయ్యి కింద పెట్టీసి వొండుకునీదాన్ని, ఇప్పుడు కోడలు నిలబడి వొండితే తినాల," అని బాధపడేది. మేడమ్ నెమ్మదిగా ఆవిణ్ణి ఎత్తు స్టూలు దాకా తీసుకొచ్చేరు, పీటని మాత్రం మర్చిపోమన్నారు. మామ్మ ఒక వారం అలిగి రాలేదు. తర్వాత వచ్చింది, గట్టు మీద పొయ్యి పెట్టించుకుంది, స్టూలు కూడా చేయించుకుంది, ఆ వడ్రంగిని తిట్టుకుంటానే.

ఇప్పుడు డిసెంబర్ 30 గురించి. ఆ రోజు క్లినిక్‌కి రాకుండా ఉండిపోదాం అనుకున్నాను. గ్రౌండ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపు మ్యూట్‌లో పెట్టేను కానీ మ్యూట్‌లో పెడితే చూడకుండా ఉంటామా. పొద్దున్నే చెస్ట్ నంబర్ల ఫొటోలు మొదలు. నాన్న ఏం మాట్లాడకుండా ఆటో పిలిచేడు. క్లినిక్‌లో బెడ్డు మీద పడుకున్నాక మేడమ్‌కి తెలుసు ఆ రోజు ఏ రోజో, ఫైల్లో చెరిపిన చోట పెన్సిల్ గీత కనపడతానే ఉంటాది కదా. ఏమీ అనలేదు. పొడుగు చేతులున్న కోణమానిని లాంటి ప్లాస్టిక్ స్కేలు తీసి మోకాలి పక్కన పెట్టి కొలిచేరు. ఇంకా ఐదు డిగ్రీలు రావాలి, కాలు పూర్తిగా చాపుకోవట్లేదు. "ఈ ఐదు డిగ్రీలు ఇప్పుడు రాకపోతే తర్వాత మొండికేస్తాయి, నడకలోనే కుంటు ఉండిపోతాది," అని, టవల్ చుట్ట చుట్టి మడమ కింద పెట్టేరు, మోకాలు గాల్లో ఉంది, కింద ఏ ఆధారం లేదు. మోకాలి వెనక భాగాన్ని కిందకి నొక్కు, తొడ బిగించు, పది లెక్కపెట్టు. తొడ బిగించమంటే బిగవదు, అది విచిత్రం, ఆపరేషన్ అయ్యాక ఆ కండ నిద్రపోయినట్టు అయిపోతాది, మనం ఆర్డర్ వేస్తాం అది వినదు. ఆవిడ తొడ మీద రెండు వేళ్ళతో తడుతూ ఇక్కడ, ఇక్కడ అంటారు. ఏడుపొచ్చేసింది. ఏడుస్తానే నొక్కేను. ఆవిడ ఆపమనలేదు, లెక్క మాత్రం బయటకి పెట్టేరు, నాకు గొంతు రావట్లేదు కాబట్టి. అటు బ్యాచ్ వాళ్ళు గ్రౌండ్ చుట్టూ తిరుగుతుంటే ఇటు నేను మడమ కింద టవల్. అంతకన్నా పెద్ద పని ఆ రోజు నాకు లేదు, అది మాత్రం ఉంది, సాయంత్రానికి ఆ ఐదులో రెండు డిగ్రీలు వచ్చేయి. ధైర్యం చెప్పే మాటలు వంద విన్నాను గానీ నాకు పనికొచ్చింది ఆ స్కేలే.

అందరూ ఏడుపు టైమే కష్టమనుకుంటారు. నాకైతే బాగైపోయిందనుకున్న టైమే కష్టం. కర్రలు తీసేసేను, స్టాటిక్ సైకిల్ తొక్కుతున్నాను, నొప్పి లేదు, వాపు లేదు, ఇంట్లో అందరూ నడక మామూలుగా ఉందంటున్నారు, ఇంతలో యూట్యూబ్‌లో కొత్త నోటిఫికేషన్ వచ్చేస్తోందని పెద్ద పెద్ద అక్షరాల థంబ్‌నెయిళ్ళు. మెల్లగా జాగింగ్ మొదలుపెడతాను మేడమ్ అన్నాను. అప్పుడు చూడాలి ఆవిణ్ణి, మొదటిసారి గట్టిగా కోప్పడ్డారు. లోపల పెట్టిన లిగమెంటు మన తొడ వెనక కండని ఎముకకి కట్టే తాడు (టెండన్) నుంచి తీసిందే అయినా, అక్కడ పెట్టేక దానికి మళ్ళీ రక్తం అందాలి, మళ్ళీ ప్రాణం పోసుకోవాలి, ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా అది ఆపరేషన్ రోజు కన్నా బలహీనంగా ఉంటాదట. అంటే మనకి బాగున్నట్టు అనిపించే వారాలే దానికి గడ్డు వారాలు. జంప్‌లూ మలుపులూ ఉండే ఆటలకి తొమ్మిది నెలల లోపు వెళ్ళినవాళ్ళకి మళ్ళీ తెగే ప్రమాదం చాలా ఎక్కువని కూడా చెప్పేరు, పైగా ఆడవాళ్ళకి ఏసీఎల్ తెగడం మగవాళ్ళ కన్నా ఎక్కువట, ఆ సంగతి గ్రౌండ్‌లో మాకు ఎవరూ చెప్పిన పాపాన పోలేదు. జంప్ ఎంత దూరం పడిందని టేపు పెట్టి చూడ్డమే తప్ప, దిగేటప్పుడు మోకాలు లోపలికి వంగుతోందా అని చూసిన కోచ్ లేడు. ఇక్కడ అద్దం ముందు నిలబెట్టి చిన్న స్టూలు మీద నుంచి దిగడం నేర్పించేరు, మోకాలు బొటనవేలి మీదకి పోకూడదు, రెండో వేలి వైపు ఉండాలి. ఇంత తెలిసుంటే అని అనిపించి ఆ రోజంతా కోపంగా ఉన్నాను. కోపంగా ఉంటే ఉండు, స్టూలు మాత్రం మానకు అన్నారు.

సాయంత్రం బ్యాచ్‌లో కొండవెలగాడ కుర్రాడు ఒకడు వచ్చేవాడు, వెయిట్‌లిఫ్టరు, భుజం. ఆ ఊళ్ళో ఇంటికో లిఫ్టర్ ఉంటారు కదా. ఆ సీజన్ నేషనల్స్ పోయేయని రబ్బరు బ్యాండు లాగుతా రోజూ వాడే చెప్పేవాడు, వాళ్ళ ఊరి మత్స సంతోషి అక్క కథ. 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో 53 కిలోల్లో ఆవిడ మూడో స్థానంలో వచ్చి కాంస్యం తీసుకుంది, తర్వాత గోల్డ్ వచ్చిన నైజీరియా అమ్మాయి డోప్ టెస్టులో దొరికితే ఈవిడది రజతం అయ్యింది. మనం అనుకోనిది చెడ్డదే అయ్యుండక్కర్లేదు అని వాడి పాయింటు. నేను ఒప్పుకోలేదు, ఆవిడ స్టేజీ మీద బరువెత్తింది కాబట్టి రజతం దాకా వచ్చింది, నేను గ్రౌండ్‌కే వెళ్ళలేదు కదరా అన్నాను. వాడు బ్యాండు లాగుతా, అయితే ఎత్తు అన్నాడు. వయసులో నా కన్నా చాలా చిన్నవాడు, నోరు మాత్రం పెద్దది.

నాకు ఎక్కువ పనికొచ్చింది వేసవిలో జరిగిన ఒక మార్పు, అది చెప్పకపోతే ఈ రివ్యూ దండగ. పరుగు లేని పరీక్షలు వెతకడం మొదలుపెట్టేను. రైల్వే గ్రూప్ డీ చూసేను, ఆడవాళ్ళకి వెయ్యి మీటర్లు 5 నిమిషాల 40 సెకన్లు, 20 కిలోల బరువుతో వంద మీటర్ల నడక, అది ఇప్పుడు కాదని పక్కన పెట్టేను. రైల్వేలోనే క్లర్కు, స్టేషన్ మాస్టర్ లాంటి పోస్టుల ఎన్‌టీపీసీ పరీక్ష చూసేను, పరుగు లేదు, మొదటి పేపరు వంద ప్రశ్నలు 90 నిమిషాలు, అర్థమెటిక్, రీజనింగ్, జీకే, కానిస్టేబుల్‌కి చదివిందే సగం. సరే అని పుస్తకాలు దించేను. అరగంట కూర్చునేసరికి మోకాలి చిప్ప వెనకాల సలపరం, కాలు చాపితే తగ్గుతాది, మడిస్తే మొదలు. చదువుదామంటే మోకాలు, పరిగెడదామంటే మోకాలు, ఆ రోజు క్లినిక్‌కి వచ్చి పుస్తకం బెడ్డు మీద గిరాటేసేను. మేడమ్ ఫైల్ తీసి ఆ వారం గడిలో కుర్చీలో 90 నిమిషాలు అని రాసేరు. అప్పటిదాకా కింద గడిలో ఉండేవన్నీ కాలి పనులే, వంచడం, చాపడం, మెట్లు. ఇప్పుడు చదువు కూడా ఎక్సర్‌సైజు అయ్యింది. ఇరవై నిమిషాలకోసారి మడమ ముందుకి జార్చడం, కుర్చీ ఎత్తు పెంచడం, లేచి గోడకి ఆనుకుని సగం కూర్చుని నలభై ఐదు సెకన్లు ఆగడం, మళ్ళీ కూర్చోవడం. ఇంట్లో టైమర్ పెట్టుకుని మాక్ టెస్టు రాస్తే అటు మార్కులూ ఇటు మోకాలూ రెండూ ఒకే కాగితం మీద రాసుకునేదాన్ని. పోలీస్ ఉద్యోగం మీద ఆశ పోయిందా అంటే పోలేదు. వయసు లెక్క వేసుకుంటే ఇంకో నోటిఫికేషన్ అందొచ్చు, అందకపోవచ్చు, అది నా చేతిలో లేదు. ఖాకీ చూస్తే ఇప్పటికీ గుండె కలుక్కుమంటాది, 2025 ఆగస్టులో ఆ రిజల్ట్స్ వచ్చిన రోజు అన్నం తినలేదు. మర్నాడు మాత్రం మాక్ టెస్టు రాసేను, మార్కులు దారుణంగా వచ్చేయి.

ఇప్పుడు లోపాలు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా జాతరలా ఉంటాది, అపాయింట్‌మెంట్ ఇచ్చినా అరగంట ఆగాల్సిందే, పొద్దున్న పది లోపు వెళ్ళండి. బెడ్లకి మధ్య కర్టెన్లు పల్చగా ఉంటాయి, అవతల మనిషి ఇంటి గొడవలన్నీ వినపడతాయి, మనవీ వాళ్ళకి వినపడతాయని గుర్తుంచుకోండి. మేడమ్ లేని రోజు ఉండే అసిస్టెంటు కుర్రాడు మంచివాడే గానీ ఫోన్ చూస్తా లెక్క తప్పుతాడు, మన లెక్క మనమే పెట్టుకోవాలి. ఆడవాళ్ళకి లేడీ హెల్పర్ ఉంది, అది పెద్ద ప్లస్. సెషన్‌కి 300, నెల ప్యాకేజీ కట్టేయండి అని ఒత్తిడి పెట్టరు, ఇంట్లో చేసుకోగలిగినవి కాగితం మీద బొమ్మలు గీసిచ్చి వారానికి రెండుసార్లు వస్తే చాలంటారు, వాళ్ళ వ్యాపారానికి ఇది నష్టమే అనుకుంటాను. ఫోన్‌పే అప్పుడప్పుడు ఆ మేడ మీద సిగ్నల్ లేక తిరుగుతానే ఉంటాది, చిల్లర పట్టుకెళ్ళండి. పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజు సెలవు, ఆ ముందు రోజు కూడా ఆ వైపు వెళ్ళే సాహసం చెయ్యకండి, కోట చుట్టూ ఇసకేస్తే రాలదు, కర్రలు పట్టుకుని అసలే వద్దు.

కరెంటు పెట్టించుకుని కాసేపు కునుకు తీసి వెళ్ళిపోదాం అనుకునేవాళ్ళకి ఈ క్లినిక్ నచ్చదు. నా కొడుకు నెలలో పరిగెట్టాలి, గ్యారంటీ ఇవ్వండి అని అడిగే నాన్నలకీ నచ్చదు, నేను ఉండగానే ఒకాయన అలా అడిగి మెట్లు దిగి వెళ్ళిపోయేడు. పెద్దవాళ్ళని తీసుకొచ్చేవాళ్ళు ఒక్కసారి వచ్చి మెట్లు చూసుకుని, ఫ్యాన్సీ షాపు కుర్చీ ఖాళీగా ఉందో లేదో కనుక్కుని అప్పుడు తీసుకురండి. నాకు లాస్ట్ టెస్టులో ఆపరేషన్ అయిన కుడి కాలి బలం ఎడమ కాలితో పోలిస్తే తొంభై శాతానికి కొంచెం తక్కువ వచ్చింది, తొంభై దాటేదాకా జంప్‌లు లేవు, గ్రౌండ్‌లో ఒక రౌండు పరుగు, ఒక రౌండు నడక మాత్రం నడుస్తోంది. పై గడిలో ఈమధ్య మళ్ళీ ఒకటి రాయించుకున్నాను, డేట్ వెయ్యలేదు. ఆ ట్యూబ్‌లైటు మార్చిన రోజు వచ్చి ఐదో స్టారు కూడా ఇచ్చేస్తాను.